తొమ్మిదింటికి పిన్నమ్మ గట్టెక్కుతుంది

మా నాన్న త్రికోటేశ్వరరావు ఇరవై రెండేళ్లు సైకిలు మీద పాలు పోశాడు. వెల్దుర్తి దాటాక అడవంచున మా ఊరు. హ్యాండిలుకు రెండు క్యాన్లు, వెనక క్యారేజీకి రెండు క్యాన్లు తగిలించుకుని, చీకటితోనే బయల్దేరి, తెల్లవారేసరికి మాచర్ల హోటళ్ల ముందు దిగేవాడు. మాచర్లలో త్రికోటేశ్వరరావు అంటే ఎవరికీ తెలియదు, పాల కోటయ్య అంటే అందరికీ తెలుసు. అన్నేళ్లు అక్కడిదాకా పోయిన మనిషి, ఇంకాస్త ముందుకు పోతే కృష్ణ ఒడ్డున ఏముందో ఒక్కసారైనా చూశాడా అంటే లేదు. "చూస్తా నిలబడితే పాలు విరిగిపోతయ్యే," అనేవాడు. క్యాన్లు ఖాళీ చేశాక కూడా అదే సాకు.

డెయిరీ వ్యాను ఊళ్లోకే రావడం మొదలయ్యాక పాల పని పోయింది. బోరు కింద ఎకరన్నర మొక్కజొన్న, ఇంటి ముందు మంచం, ఒంట్లో షుగరు మిగిలాయి. నేను మాచర్లలో ఒక మందుల షాపులో ఫార్మసిస్టుని. రోజూ ఎంతమందికో షుగరు మాత్రలిచ్చి జాగ్రత్తలు చెప్పే దాన్ని, ఇంట్లో మనిషి చేత రెండు ఫర్లాంగులు నడిపించలేకపోయాను. "నడవటానికి నేనేమన్నా గొర్రెలు కాస్తన్నానా," అనేవాడు. అందుకని సైకిలు పేరెత్తాను. మాచర్లలో మేం ముగ్గురం ఆదివారాలు సైకిళ్లు తొక్కుతాం. నేను, సైకిలు షాపు జమాల్ అన్న, హైస్కూల్లో సోషల్ చెప్పే అమర్నాథ్ సార్. ఈసారి విజయపురి సౌత్ మీదుగా నీళ్ల ఒడ్డునే అనుపు దాకా పోయి, అక్కడి పాత కట్టడాలు చూసి వద్దామనుకున్నాం. నాన్న రెండు రోజులు గొణిగాడు. మూడో రోజు తన పాత సైకిలు చైనుకు నూనె వేస్తూ కనిపించాడు.

ఇక తీగ సంగతి. ఆ రోజు ఎనిమిది దాటేదాకా అది నాకు తెలియదు. మీకు మాత్రం ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఏమీ తెలియకుండా ఆయన పక్కన నవ్వుతూ తొక్కిన ఆ రెండున్నర గంటలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అడవి పందులు మొక్కజొన్నను బతకనివ్వవు. నాన్న చేను చుట్టూ పాత చీరలు కట్టి చూశాడు, టపాకాయలు కాల్చి చూశాడు, మంచె మీద పడుకుని చూశాడు. చివరికి అందరూ వద్దని చెప్పే పనే చేశాడు. చేను చుట్టూ మోకాటి ఎత్తున సన్నటి ఇనుప తీగ లాగి, రాత్రిపూట దానికి కరెంటు పెట్టేవాడు. దోటి కొక్కేన్ని తండాకు పోయే కరెంటు లైనుకు తగిలించి వదిలేస్తే తీగ అంతా కరెంటు. దోటి అంటే చింతకాయలు రాల్చే పొడుగాటి వెదురు కర్ర. తెల్లవారుజామున ఐదింటికి పోయి ఆ దోటిని కిందికి తీసేసేవాడు. అలాంటి తీగ తగిలి మనుషులు పోయిన ఊళ్లు మాకు దూరం కాదు. పెట్టినవాళ్లు జైలుకు పోయిన సంగతీ ఆయనకు తెలుసు. "వాళ్లు తీయటం మర్చిపోయినోళ్లు," అని తనకు తాను సర్దిచెప్పుకునేవాడట. ఇరవై రెండేళ్లు ఒక్క పొద్దు కూడా తప్పకుండా కోడి కంటే ముందు లేచిన మనిషికి తన మీద తనకు అంత నమ్మకం.

చేనుకు తూర్పున ఉన్న గట్టు మాకూ మా బాబాయ్ రామబ్రహ్మానికీ మధ్య హద్దు. రామబ్రహ్మం నాన్నకు చిన్నాన్న కొడుకు. ఆ గట్టు మీది రెండు వేపచెట్లు ఎవరివి అనే దగ్గర నాలుగేళ్ల కిందట మొదలైన మాట కర్రలు తీసేదాకా పోయింది. అప్పటి నుంచి రెండిళ్లకూ మాటల్లేవు. రోషం కొద్దీ బాబాయ్ ఆ గట్టు వైపు కన్నెత్తి చూడటమే మానేశాడు. ఆయన తల్లి అంజమ్మ, అంటే నాన్నకు పిన్నమ్మ, నాకు చిన్న నాయనమ్మ, మానలేదు. డెబ్బై రెండేళ్ల మనిషి. రోజూ తొమ్మిదింటికి, ఎండ కాస్త ఎక్కాక, గేదెకు గడ్డి కోయడానికి ఆ గట్టు మీదికే పోతుంది. కాళ్లకు చెప్పులుండవు, చేతిలో ఇనుప కొడవలి ఉంటుంది. గడ్డిలో కలిసిపోయిన ఆ తీగ గట్టుకు జానెడు దూరం.

ఆ ఆదివారం మా అమ్మ విజయలక్ష్మి ఇంట్లో లేదు. కారంపూడిలో తన అన్నగారింట్లో నిశ్చితార్థం ఉంటే ముందురోజే పోయింది. మమ్మల్నీ సైకిళ్లనూ మాచర్ల చేర్చాల్సిన కూరగాయల ట్రాలీ ఆటో నాలుగుంబావుకే వచ్చి ఆగకుండా హారన్ కొట్టింది. నాన్న అప్పటికే చేను దగ్గరికి పోయి ఉన్నాడు. కాసేపటికి టార్చిలైటు ఊపుకుంటూ, రొప్పుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"పందులొచ్చినయ్యే. రాళ్లేసి తరిమా," అన్నాడు.

"ఇవాళ ఒక్కరోజైనా ఆ చేనును వదలవా నాన్నా," అని విసుక్కున్నాను. ఆటో కదిలింది.

ఐదున్నరకు మాచర్ల నుంచి బయల్దేరాం. ఊరు దాటితే చిట్టడవి. పులి తిరుగుతోందని అంతకు వారం ముందు వాట్సాప్‌లో ఒక ఫొటో తిరిగింది. అది ఎక్కడి ఫొటోనో ఎవరికీ తెలియదు గానీ భయం మాత్రం అందరికీ చేరింది. అమర్నాథ్ సార్ అడవి ఉన్నంతమేరా బెల్లు కొడుతూనే ఉన్నాడు. పొదలో ఏదో కదిలితే నేనూ బెల్లు కొట్టాను. జమాల్ అన్న మధ్యలోకి వచ్చి తొక్కాడు.

"సారూ, పులికి బెల్లు కొడితే పక్కకు జరుగుద్దా?" అన్నాడు నాన్న.

మా గేర్ల సైకిళ్లన్నీ వెనక, ఆయన పాత సైకిలు ముందు. యాభై ఎనిమిదేళ్ల మనిషి ఎత్తు ఎక్కేటప్పుడు కూడా సీటు మీద నుంచి లేవలేదు. అలా చూసి చాలా ఏళ్లయింది నాకు. తీసుకొచ్చి మంచి పని చేశాననుకున్నాను.

విజయపురి సౌత్‌లో టీ తాగుతుంటే ఎండ పొడ నీళ్ల మీద పడింది. ఎదురుగా రిజర్వాయరు, మధ్యలో కొండ, ఆ కొండకు పోయే లాంచీ కోసం నిలబడ్డ జనం. నాన్న గ్లాసు పట్టుకుని ఒడ్డు దాకా పోయాడు.

"ఇన్ని నీళ్లు ఈడ పెట్టుకుని మన బోర్లో బిందె నిండదేందే," అన్నాడు. కోపంగా అన్నా కళ్లలో సంబరం ఉంది.

అనుపు ఇంకో కిలోమీటరు ఉందనగా, రోడ్డుకూ నీళ్లకూ మధ్య ఒక ముసలాయన మేకలు కాస్తున్నాడు. దోటి పైకెత్తి తుమ్మ కొమ్మకు కొక్కెం తగిలించి కిందికి గుంజాడు. నాన్న ఉన్నట్టుండి బ్రేకు వేశాడు. వెనక వస్తున్న నేను ఆయన్ని గుద్దబోయి పక్కకు తిప్పుకున్నాను.

"టైమెంతే?" అన్నాడు.

"ఎనిమిది. ఏంది నాన్నా?"

ఆయన తన కుడి అరచెయ్యి చూసుకుంటున్నాడు. "ఏం లేదు. పద," అన్నాడు. తర్వాత ఆయన సైకిలు మా వెనక పడింది.

అనుపులో రాతి మెట్ల రంగస్థలం ఉంది. మధ్యలో చదును నేల, చుట్టూ పైదాకా మెట్లు. డ్యాము కట్టినప్పుడు లోయలో మునిగిపోకుండా ఒక్కో రాయీ తెచ్చి ఇక్కడ మళ్లీ పేర్చారని అమర్నాథ్ సార్ మొదలుపెట్టాడు. ఆయన మొదలుపెడితే ఆపడం కష్టం. కింద నేల మీద నిలబడి మెల్లగా మాట్లాడి, పై మెట్టు మీదున్న నన్ను వినిపించిందా అని అడిగాడు. పక్కనే అన్నట్టు వినిపించింది. ఇంకో కుటుంబం, నలుగురైదుగురు, ఆ మెట్ల మీదే ఫొటోలు దిగుతున్నారు. నాన్న మాత్రం అడుగు మెట్టు మీద కూర్చుని మోకాళ్లు పట్టుకుని ఉన్నాడు. చల్లటి పొద్దు, ఆయన మెడ మీద చెమట.

షుగరు పడిపోయిందేమోనని పరిగెత్తి దిగాను. బిస్కెట్టు ఇస్తే పక్కన పెట్టాడు. చెయ్యి పట్టుకుంటే నాడి దడదడా కొట్టుకుంటోంది.

"టైమెంత?"

"ఎనిమిది పది. ఎన్నిసార్లడుగుతావు?"

"దేవికా," అన్నాడు. "పొద్దున దోటి తీశానో లేదో గుర్తు రావట్లేదే."

"ఏ దోటి?"

అప్పుడు చెప్పాడు. తీగ, లైను, కొక్కెం, అంతా నేల చూస్తూ చెప్పాడు. "దోటి మీద చెయ్యి వేసిందాకా గుర్తుంది. అప్పుడే చేను మూల పంది గుర్రుమంది. రాళ్లు తీసుకుని అటు పోయా. మళ్లొచ్చి తీశానా, హారను కొడితే ఇటే వచ్చానా? తీస్తన్నట్టు కళ్ల ముందు కనపడతంది. అది ఇయ్యాలదో నిన్నటిదో తెలవట్లా."

  ఆ చేను పక్క నుంచి నేను ఎన్నిసార్లు నడిచానో గుర్తొచ్చింది.

"తొమ్మిదింటికి పిన్నమ్మ గట్టెక్కుద్ది," అన్నాడు నాన్న.

"అయితే ఫోన్ చెయ్యి."

"ఎవరికి? లైన్‌మేన్‌కి చేస్తే కేసే. ఊళ్లో ఎవరికి చెప్పినా సాయంత్రానికి టేషన్లో ఉంటా. తొక్కుకుంటా పోదాం పద."

"యాభై కిలోమీటర్లు. నువ్వు పోయేసరికి మధ్యాహ్నం."

అది ఆయనకు తెలియక కాదు. లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. ఒకవేళ తీసే ఉంటే అనవసరంగా బయటపడతాననీ, తీయకపోతే ఆమె చచ్చిపోతుందనీ, ఈ రెంటి మధ్య పది నిమిషాలు ఊగాడు. ఆ పది నిమిషాలకు నేనాయన్ని ఇప్పటికీ క్షమించలేదు. నాకు ప్రాణమైన మనిషే, అయినా సరే ఇది రాస్తున్నాను.

"నువ్వు చేయకపోతే నేను రామబ్రహ్మం బాబాయ్‌కి చేస్తా," అన్నాను. బాబాయ్ బీపీ మాత్రలు నా షాపులోనే తీసుకుంటాడు. ఇంటి పగలు ఎలా ఉన్నా మాత్రలు అయిపోతే నాకే ఫోన్ చేస్తాడు. నాన్న వద్దనలేదు, ఊఁ అనలేదు.

ఫోన్‌లో సిగ్నల్ లేదు. మెట్లన్నీ ఎక్కి దిగాను. చివరికి అమర్నాథ్ సార్ నిలబడ్డ చోట, ఆ చదును నేల నట్టనడుమ, ఒక్క గీత వచ్చింది. మొదటిసారి మోగి మోగి ఆగిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి ఎత్తాడు. అప్పటికి ఎనిమిదీ ముప్పై ఆరు.

"ఏందమ్మా, ఆదివారం చేశావ్?"

నేను ఫోన్ నాన్న చేతిలో పెట్టాను. స్పీకరు నేనే నొక్కి పట్టుకున్నాను.

"రాంబ్రహ్మం, నేను," అన్నాడు నాన్న. నాలుగేళ్ల తర్వాత మొదటి మాట అది.  "పిన్నమ్మ ఏడుంది?"

"నీకెందుకు?"

"గట్టు మీదికి పోనీమాక. పందుల కోసం తీగకు కరెంటు పెట్టా. పొద్దున తీశానో లేదో గుర్తులేదు."

ఆ నేల మీద నిలబడి అన్న మాట పై మెట్టు దాకా పోతుందని ఆయనకు తట్టలేదు. ఫొటోలు దిగుతున్న కుటుంబం ఆగిపోయింది. జమాల్ అన్న చేతిలో నీళ్ల సీసా అలాగే ఉండిపోయింది. ఒకావిడ తన పిల్లను దగ్గరికి లాక్కుంది.

ఫోన్‌లో రామబ్రహ్మం గొంతు సన్నగా వినపడింది. "చీకటితోనే పోయింది అమ్మ. ఎప్పుడూ అట్టా పోదు. ఇంకా రాలా. నేనూ చూస్తన్నా."

తర్వాత చెప్పుల చప్పుడు. పరుగు. ఆయాసం. "అమ్మా" అని ఒక కేక, మళ్లీ ఒక కేక. దానికి బదులు వినపడకముందే లైను తెగిపోయింది.

మళ్లీ చేశాను. కలవలేదు. మళ్లీ చేశాను. అందుబాటులో లేరంది. ఉన్న ఒక్క గీత కూడా పోయింది. నాన్న ఆ నేల మీదే కూలబడ్డాడు.  నేను ఫోన్ పైకెత్తి పట్టుకుని నిలబడ్డాను. గడ్డిలో బోర్లా పడిన ముసలి మనిషి, ఆమె చేతిలో కొడవలి, దాన్ని పట్టుకుని లేపబోయే బాబాయ్. లేపబోతే ఆయనా పోతాడు, ఆ సంగతి ఆయనకు తెలుసో తెలియదో. ఇదే మళ్లీ మళ్లీ కళ్ల ముందు కదిలింది. నా పక్కన కూర్చున్న మనిషిని అసహ్యించుకున్నాను. ఆయనకేమవుతుందోనని భయపడ్డాను. రెండూ ఒకేసారి జరిగాయి, ఒకటి రెండోదాన్ని తగ్గించలేదు.

"దోటితోనే తీయమని చెప్పలేదే. తీగను చేత్తో పట్టుకుంటాడేమో," అన్నాడు నాన్న. అన్నాక రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

ఎనిమిదీ యాభై ఎనిమిదికి ఫోన్ మోగింది.

"ఉంది," అన్నాడు రామబ్రహ్మం. ఊపిరి అందక ఆగాడు. "బతికే ఉంది."

"దోటి?" అన్నాడు నాన్న.

"లైనుకు వేలాడతంది. ఇప్పుడే లాగి పడేశా. ఇదిగో, నీతో మాట్లాడతదంట."

అంటే నాన్న తీయలేదు. అడవి దారిలో పులి మీద హాస్యాలాడినంతసేపూ, ఒడ్డున టీ తాగినంతసేపూ, ఆ తీగ నిండా కరెంటు ఉంది. 

"ఒరే కోటిగా," అంది అంజమ్మ. గొంతు ఎండిపోయి ఉంది. "నాకు తెలవదనుకున్నావంట్రా? నీ మొక్కజొన్న మోకాలెత్తున్న కాడి నుంచి తెలుసు. రోజూ తలెత్తి చూసి, లైనుకు కర్ర లేదంటేనే గట్టెక్కుతన్నా. ఇయ్యాల నువ్వు లైటు పట్టుకుని ఆటో కాడికి పరిగెత్తటం చూశా. వీడు తీసుండడులే అనుకుని వచ్చా. ఉంది."

"పిన్నమ్మా," అన్నాడు నాన్న.

"ఇను. నా కొడుక్కి చెప్తే నిన్ను టేషనుకు ఈడుస్తాడు. లైనుమేనుకు చెప్తే కేసు. నాకా కర్ర అందదు. అందుకని గట్టు మొదట్లో కూకున్నా. మేకలోళ్లు ఇద్దరొస్తే పాముందని తిప్పి పంపిచ్చా. తండా ఆడోళ్లను రోడ్డెంట పొమ్మన్నా. ఒకమ్మి ఇనకుండా వస్తంటే రాయి చూపిచ్చా. ఎవరు ఏ పక్క నుంచి అడుగేస్తారోనని నాలుగు గంటలు వణుకుతా కూకున్నాన్రా. నా పెనిమిటి పోయిన నాడు కూడా అంత బయపళ్లా."

నాన్న ఏదో అనబోయాడు.  ఆమె ఫోన్ కొడుకు చేతికిచ్చేసింది, ఆయన పెట్టేశాడు.

 తిరుగు ప్రయాణంలో ఎత్తిపోతల దగ్గర ఆగి జలపాతం చూద్దామని ముందు అనుకున్నాం, ఆగలేదు. మాచర్లలో జమాల్ అన్న సైకిళ్లు బస్సు టాప్ మీద వేయిస్తానన్నా నాన్న వినలేదు, ఊరిదాకా తొక్కుతానన్నాడు. ఇంకే ఆపద తెచ్చుకుంటాడోనని నేనూ వెంట తొక్కాను. ఒంటిగంట దాటాక చేను చేరాం. రామబ్రహ్మం గట్టు మీద నిలబడి ఉన్నాడు.

"కేసు పెడదామనే సెల్లు తీశా," అన్నాడు. "అమ్మ చెయ్యి పట్టుకుంది. నీ మొహం చూడబుద్ధి కావట్లా నాకు."

 నాన్న బాబాయ్ కళ్ల ముందే చేను చుట్టూ తిరిగి తీగంతా చుట్ట చుట్టాడు. చేతులు కోసుకుపోయి రక్తం కారుతున్నా ఆగలేదు. మూడో రాత్రికల్లా పందులు పడి సగం చేను నేలమట్టం చేశాయి. ఆయన మంచె మీద నుంచి అరుస్తూ చూశాడు, దిగి వచ్చి పడుకున్నాడు. బాబాయ్ ఇప్పటికీ మా గుమ్మం తొక్కడు. మాత్రలకు మాత్రం నాకే ఫోన్ చేస్తాడు.

ఇప్పుడు రోజూ తొమ్మిదికి ముందే నాన్న ఆ గట్టు దగ్గర ఉంటాడు. అంజమ్మ కొడవలి పట్టుకుని రాగానే, చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని, ఆమె ముందు గట్టు ఈ కొస నుంచి ఆ కొస దాకా నడుస్తాడు. ఆమె ఆయన పాదాలనే చూస్తూ నిలబడుతుంది. ఆయన చివరికి చేరాక తల పైకెత్తుతుంది. లైను మొత్తం, ఈ స్తంభం నుంచి ఆ స్తంభం దాకా చూస్తుంది. అప్పుడు గానీ కాలు కదపదు.

మొన్న ఒకరోజు నేనక్కడే ఉన్నాను. "తీగే లేదుగా చిన్న నాయనమ్మా, ఇంకా ఎందుకు చూస్తావు?" అన్నాను.

"తెలుసమ్మా. వాడు తీసేశాడని తెలుసు," అంది. "మెడే ఒప్పుకోట్లా."

నాన్న ఆ మాట విన్నాడు. గట్టు చివర నుంచి వెనక్కి తిరిగొచ్చి, చెప్పులు చేత్తో పట్టుకుని, మళ్లీ మొదటి నుంచి నడిచాడు.